వయసు దాచొద్దు, కాగితాలు దాచుకో

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. గాజువాకలో అంతా కులాసా అని తలుస్తాను.

బీజీఎంఐ (నలుగురు టీమ్‌గా ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట) టీమ్ ట్రయల్స్‌లో నీ ఆట నచ్చినా, వయసు పదిహేనని తెలియగానే "చిన్నపిల్లల్ని తీసుకోం" అన్నారట. ఇంకో టీమ్‌కి పద్దెనిమిది అని చెబుదామా అని నువ్వు ఊగిసలాడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. అలా చెప్పకు. ఎందుకు వద్దో, దానికి బదులు ఏం చెయ్యాలో రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

నీకు అడ్డొస్తున్నవి రెండు. ఒకటి పోటీల్లో వయసు నియమం, రెండోది చిన్నవాడివన్న చిన్నచూపు. నియమంతో వాదించి లాభం లేదు, తేదీ వచ్చేదాకా ఆగాలి. చిన్నచూపుని మాత్రం ఈ వారం నుంచే తగ్గించొచ్చు. మీ ఈడు వాళ్ళు చాలామంది ఇది తిరగేసి చేస్తారు. నియమాన్ని దొంగదారిన దాటబోతారు, చిన్నచూపు దగ్గర మాత్రం నోరు మెదపరు.

నియమాలు ఆటని బట్టి మారతాయి. ఫోర్ట్‌నైట్‌కి 13 చాలు. 2019లో న్యూయార్క్‌లో జరిగిన దాని ప్రపంచ కప్ సోలో ఫైనల్ గెలిచి 30 లక్షల డాలర్లు పట్టుకెళ్ళిన బూగాకి అప్పుడు పదహారేళ్ళు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ పెద్ద పోటీలకి 17 నిండాలి. వాలరెంట్ అధికారిక పోటీలకి కనీసం 16. కాబట్టి ఏ పోటీకైనా రిజిస్టర్ అయ్యే ముందు రూల్‌బుక్ తెరిచి మూడు విషయాలు వెతుకు. కనీస వయసు ఎంత? అది ఏ తేదీ నాటికి నిండాలి, రిజిస్ట్రేషన్ ముగిసే రోజుకా, మొదటి మ్యాచ్ రోజుకా? పద్దెనిమిది లోపు వాళ్ళ నుంచి ఏం కాగితాలు అడుగుతున్నారు? రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. క్వాలిఫయర్ (తొలి అర్హత పోటీ) నాటికి పదహారు నిండకపోయినా ఫైనల్ నాటికి నిండుతుంది కదా అనుకుంటారు, నిర్వాహకులు అలా లెక్కపెట్టరు. అనుమానం ఉంటే రిజిస్టర్ కాకముందే నిర్వాహకులకి రాసి అడుగు, జవాబు స్క్రీన్‌షాట్ దాచుకో.

వయసు అబద్ధం ఎక్కడ బయటపడుతుందో తెలుసా? ఎవరైనా చేరగల ఓపెన్ క్వాలిఫయర్లలో కాదు, అక్కడ పెద్దగా ఎవరూ అడగరు. గెలిచి పైకి వెళ్ళాక, ఆధార్ అడిగే చోట. అప్పటికి మిగతా ముగ్గురి కష్టం కూడా నీతో ముడిపడి ఉంటుంది. వయసు చాలని వాడు ఆడాడని తేలితే సాధారణంగా టీమ్ మొత్తాన్ని తీసేస్తారు, ప్రైజ్ మనీ ఆపేస్తారు. ఆ ముగ్గురూ ఊళ్ళో ప్రతి డిస్కార్డ్ చాట్ గ్రూప్‌లోనూ నీ పేరు చెబుతారు. మీ నాన్న నంబర్‌తో తెరిచిన ఖాతాలో ఆడినా అదే గొడవ. ఖాతాదారు ఒకరు, కెమెరా ముందు కూర్చున్నది ఇంకొకరు అవుతారు.

బీజీఎంఐలో నీకు ఇంకో చిక్కు ఉంది. పద్దెనిమిది లోపు వాళ్ళకి రోజుకి 3 గంటలే ఆట, పెద్దవాళ్ళకి 6 గంటలు. టీమ్‌లు నిన్ను వద్దనడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే, మాట మాత్రం "చిన్నపిల్లాడు" అంటారు. లెక్క వేసి చూడు. ఎరాంగెల్ మ్యాప్‌లో, ఆడే చోటు కుంచించుకుపోయే చివరి సర్కిల్ దాకా నిలిస్తే ఒక మ్యాచ్ సుమారు అరగంట. నాలుగు మ్యాచ్‌ల స్క్రిమ్ (టీమ్‌ల మధ్య ప్రాక్టీస్) బ్లాక్ అంటే రెండు గంటలు, మధ్యలో లాబీ ఎదురుచూపులు కలిపితే రెండుంబావు దాటుతుంది. ముందు పావుగంట టీడీఎమ్ (చిన్న టీమ్ పోరు) వార్మప్ వేసుకో. మూడు గంటల్లో ఇంక అరగంట కూడా మిగలదు. అంచేత స్క్రిమ్స్ ఉన్న రోజు సాయంత్రం స్నేహితులతో మామూలు (క్లాసిక్) మ్యాచ్ ఒక్కటి కూడా ఆడకు. నాలుగో మ్యాచ్ మధ్యలో గడువు ముగిస్తే టీమ్ ముగ్గురితో మిగులుతుంది, మర్నాడు నువ్వు టీమ్‌లో మిగలవు.

ఆ మూడు గంటల లెక్కలోకి రాని పని ఒకటుంది, రికార్డింగ్‌లు చూడటం. ఆడిన నాలుగింటిలో ఓడిన ఒక్క మ్యాచ్ పెట్టుకుని, ఆటలో నువ్వు చచ్చిన క్షణానికి నలభై సెకన్ల ముందు నుంచి చూడు. తప్పు తుపాకీ పేలినప్పుడు కాదు, అంతకుముందు రొటేషన్‌లోనో (చోటు మారిన తీరులోనో), వాహనం ఆపిన చోటులోనో ఉంటుంది. రోజూ అరగంట ఇలా చూసేవాడు, ఆరు గంటలు గుడ్డిగా ఆడే పెద్దవాడితో సమానంగా మాట్లాడగలడు.

ఈ గంటల కట్టడి మనకొక్కళ్ళకే కాదులే. కొరియాలో 2011 నుంచి పదహారు లోపు పిల్లలకి అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆట నిషేధం ఉండేది, పదేళ్ళ తర్వాత ఎత్తేశారు. చైనాలో 2021 నుంచి పద్దెనిమిది లోపు వాళ్ళకి శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి 8 నుంచి 9 వరకే. వాళ్ళతో పోలిస్తే నువ్వు రాజువి.

ఇప్పుడు చిన్నచూపు సంగతి. చిన్నవాళ్ళు గెలవలేరనే వాదనే నిలవదు. పాకిస్తాన్‌లో పుట్టిన సుమైల్ పదహారేళ్ళకే 2015 డోటా ప్రపంచ పోటీ గెలిచిన టీమ్‌లో ఉన్నాడు. మన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయింది, బోర్డు ముందు ఆమెని వయసు ఎంతని ఎవరూ ఆపలేదు. నిన్ను వద్దన్న కెప్టెన్‌కీ ఇవన్నీ తెలిసే ఉంటాయి. అతని భయం నీ ఎయిమ్ (గురి) గురించి కాదు. ప్రీఫైనల్ పరీక్షలు రాగానే మాయమవుతాడేమో, అమ్మ పిలిస్తే ఫోన్ కింద పెడతాడేమో, ఓడితే మైక్‌లో ఏడుస్తాడేమో, రేపు హైదరాబాద్‌లో లాన్ ఫైనల్ (అందరూ ఒకేచోట కూర్చుని ఆడేది) అంటే ఇంట్లో పంపరేమో. నాలుగూ న్యాయమైన భయాలే. వాటికి జవాబు ముందే చేతిలో పెట్టుకుని వెళ్ళు.

టీమ్‌కి రాసే మొదటి మెసేజ్‌లోనే వయసు చెప్పెయ్. దాచి తర్వాత చెబితే, దాచినందుకు పోతావు. ఇలా రాయి: "అన్నా, నాకు 15 ఏళ్ళు, ఫలానా తేదీకి 16 నిండుతాయి. సపోర్ట్ రోల్. స్క్రిమ్స్‌కి రాత్రి 7 నుంచి 10 వరకు, వారానికి ఐదు రోజులు ఉంటాను. ఫిబ్రవరి, మార్చిలో ఇంటర్ పరీక్షలు, అప్పుడు ఉండను, సబ్‌స్టిట్యూట్‌ని చూసుకోండి. మూడు మ్యాచ్‌ల రికార్డింగ్ లింకులు పెడుతున్నాను, ఒకటి ఓడిందే. అమ్మ నంబర్ కావాలంటే ఇస్తాను." పరీక్షల తేదీలు ముందే చెప్పినవాణ్ణి చిన్నపిల్లాడని ఎవరూ అనరు. ఓడిన మ్యాచ్ పెట్టడం ఎందుకంటే, ఒంటరిగా గెలిపించిన క్లచ్ క్లిప్పులు అందరి దగ్గరా ఉంటాయి. ఇబ్బందుల్లో నీ కాల్స్ ఎలా ఉన్నాయో కెప్టెన్‌కి అదే చూపిస్తుంది.

మైక్‌లో గొంతు లేతగా ఉందని వెక్కిరిస్తారు. గొంతు మార్చలేవు, మాట మార్చొచ్చు. దిక్కు, చోటు, ఎంతమంది, ఏ స్థితి, అంతే: "వన్ ఫార్టీ, రాయి వెనక, ఇద్దరు, ఒకడు నాక్" (140 డిగ్రీల దిక్కున, ఒకడు పడిపోయాడు అని). నువ్వు చచ్చాక చూసింది ఒక్కసారి చెప్పి నోరు మూసుకో. ఎవరి తప్పో మ్యాచ్ అయ్యాక మాట్లాడుకోవచ్చు. ఎదుటి టీమ్ వాళ్ళు బూతులు తిడితే మ్యూట్ చేసి, రికార్డింగ్ దాచి, రిపోర్ట్ కొట్టు. తిరిగి తిడితే శిక్ష ఇద్దరికీ పడుతుంది, "చిన్నపిల్లల బుద్ధి" అన్న మాట నీకే వస్తుంది.

కరెంటు పోయి డిస్‌కనెక్ట్ అయినా చిన్నవాడైతే "అమ్మ తీసేసిందిరా" అంటారు. కాబట్టి రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొనిపించుకో. రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి (చాలావాటికి 12 వోల్టులు). వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతకి తగ్గకూడదు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల రోజుల్లో అదీ చాలదు. ఇంకో కంపెనీ సిమ్‌తో డేటా సిద్ధంగా పెట్టి, వైఫై నుంచి దానికి మారడం మ్యాచ్ లేనప్పుడు ఒకసారి చేసి చూసుకో.

ట్రయల్ పేరుతో నెలల తరబడి ఊరికే ఆడించుకునే టీమ్‌లు ఉంటాయి, చిన్నవాళ్ళ మీదే ఈ వేషాలు. ట్రయల్ అంటే రెండు వారాలు, లేదా పది స్క్రిమ్‌లు. ఆ తర్వాత రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) ఉన్నానా లేదా అని గ్రూప్ చాట్‌లోనే అడుగు. ప్రైజ్ వాటా కూడా పోటీ మొదలవకముందే రాతలో ఉండాలి. నలుగురు ఆడితే నలుగురికీ సమానం. "నువ్వు చిన్నోడివి, నీకెందుకు అంత" అన్నవాడి దగ్గర ఒక్క మ్యాచ్ కూడా ఎక్కువ ఆడకు.

వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చే "ఎంట్రీ 50, కిల్‌కి 10" కస్టమ్ రూమ్‌ల (డబ్బు కట్టి చేరే విడి మ్యాచ్‌ల) జోలికి వెళ్ళకు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ని (పోటీగా ఆడే వీడియో గేమ్స్‌ని) గుర్తించింది, అందులో ప్రవేశ రుసుమూ ఆటతీరుని బట్టి బహుమతీ ఉండొచ్చంది. పందేలని, డబ్బు ఒడ్డే ఆటలని మాత్రం నిషేధించింది. అలాంటి ఆట నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. నీ యాభై రూపాయలు పోయినా అడిగే దిక్కు ఉండదు.

టీమ్ పెద్దవాళ్ళెవరైనా గ్రూప్ వదిలి విడిగా మాట్లాడదామన్నా, ఫోటోలు అడిగినా, "ఇంట్లో చెప్పకు" అన్నా, ఆ క్షణమే అమ్మకి చూపించు. చాట్ చెరపకు. పిల్లల సహాయానికి 1098, డబ్బు మోసానికి 1930. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇక కాగితాలు. మన తెలుగువాళ్ళ పిల్లలు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివర్న ఉంటుంది. ప్రైజ్ మనీ వేసే చోట మూడూ కలవకపోతే డబ్బు ఆగుతుంది. మెమోలో ఎలా ఉందో అలాగే మిగతావన్నీ మార్పించు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటే పూర్తి తేదీ వేయించు. పదిహేనేళ్ళకి వేలిముద్రలు, కనుపాప ఎలాగూ మళ్ళీ ఇవ్వాలి కాబట్టి ఆధార్ కేంద్రానికి వెళ్ళినప్పుడే రెండూ కానిచ్చెయ్. నిర్వాహకులు ఒప్పుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపు. వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం ఏ ఆధారూ పెట్టకు.

పాన్ మైనర్‌కి కూడా ఇస్తారు, నాన్న సంతకంతో దరఖాస్తు చెయ్యాలి. కార్డు మీద ఫోటో, సంతకం ఉండవు, పద్దెనిమిది నిండాక మార్పించుకోవాలి. నీ పేరిట బ్యాంకు ఖాతా తెరిపించు. ప్రైజ్ మీద పన్ను ముందే కోసుకుని ఇస్తారు కాబట్టి ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకో. మామూలుగా మైనర్ ఆదాయాన్ని అమ్మానాన్నల ఆదాయంలో కలుపుతారు, నైపుణ్యంతో సంపాదించింది మాత్రం పిల్లల సొంత ఆదాయంగానే లెక్క. ఈ మాట మీ నాన్న ఆడిటర్‌కి చెప్పండి, కోసుకున్నదాంట్లో వెనక్కి వచ్చేది ఏమైనా ఉందేమో చూస్తాడు.

అనుమతి పత్రంలో నీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, పోటీ పేరు, తేదీలు, సంతకం పెట్టేవాళ్ళతో నీ బంధుత్వం, వాళ్ళ ఫోన్ నంబర్ ఉండాలి. ప్రయాణానికీ, ప్రైజ్ నీ ఖాతాలో వెయ్యడానికీ, నీ ముఖం ప్రసారంలో చూపించడానికీ వేర్వేరుగా ఒప్పుకుంటున్నట్టు రాయించు. అడిగితే తప్ప నోటరీ అక్కర్లేదు. లాన్ ఫైనల్‌కి తోడు వచ్చే పెద్దవాళ్ళకి పాస్, బస ఇస్తారా అని ముందే అడుగు. ఇవ్వకపోతే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరి టికెట్లూ మనమే పెట్టుకోవాలి, మ్యాచ్‌కి ఒకరోజు ముందు దిగేలా. బయటి దేశం మాట వస్తే పాస్‌పోర్ట్‌కి మర్రిపాలెం వెళ్ళాలి. పదిహేను దాటినవాళ్ళు పదేళ్ళ పాస్‌పోర్ట్ కోరుకోవచ్చు, అదే తీసుకో.

టీమ్ ఏదైనా ఒప్పందం మీద సంతకం పెట్టమంటే నువ్వు పెట్టకు. మన చట్టంలో పద్దెనిమిది నిండనివాడి ఒప్పందం చెల్లదు, 1903 నుంచీ కోర్టుల మాట అదే. చెల్లదు కదా అని తేలిగ్గా తీసుకోకు, రేపు వాళ్ళు జీతం ఎగ్గొడితే ఆ కాగితం పట్టుకుని నువ్వు నిలదీయడమూ కష్టమే. నాన్న చదివి, నాన్నే సంరక్షకుడిగా సంతకం పెట్టాలి. విడిచి వెళ్తే కట్టాల్సిన సొమ్ము, ఎన్నేళ్ళు కట్టుబడాలి, స్ట్రీమింగ్ డబ్బు ఎవరిది, ఈ మూడూ కాగితంలో ఎక్కడున్నాయో చూపించమను. పద్దెనిమిది నిండిన రోజున ఆ పాత కాగితానికే "సరే" అని మళ్ళీ సంతకం పెట్టమంటారు. మైనర్‌గా పెట్టిన ఒప్పందాన్ని తర్వాత ఖాయపరచడం కుదరదు. కొత్త తేదీతో, కొత్త కాగితం అడుగు. జీతం సంగతి కూడా అప్పుడే మళ్ళీ మాట్లాడు.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించు. నువ్వు ఆడదామనుకునే పోటీ రూల్‌బుక్ నాకు పంపితే వయసు రాసిన పేజీ చూసి చెబుతాను.

ఇట్లు,
మావయ్య