నానుతాడు మెడలో వేసుకునే ముందు

అమ్మలూ,

దుబాయ్ హాస్పిటల్లో నీకు నర్సు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. మన రాజోలు నుంచి గల్ఫ్‌కి ఎంతమంది వెళ్లినా, మన ఇంట్లో చదువుకుని ఆ చదువుతో వెళ్తున్నది నువ్వే. కానీ రాత్రి మీ అమ్మ మాటల మధ్యలో నాన్నమ్మ బంగారు నానుతాడు నీ మెడలో వేసి పంపుతున్నామంది చూడు, ఇక నిద్ర పట్టలేదు.

పాస్‌పోర్టు, వీసా కాపీలు చేతిసంచిలోనే ఉంచుకో. ఎంత దగ్గర చుట్టాలిచ్చినా విప్పి చూడకుండా ఏ పొట్లమూ తీసుకోకు. పూతరేకులు, కాజాలు పట్టుకెళ్లు. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా వద్దు, అక్కడ వాటిని మత్తుమందు కింద లెక్కేస్తారు, జైలుకి కూడా పంపొచ్చు. మీ అమ్మ కొట్టే మసాలా పొడిలో అవి పడతాయి కాబట్టి ఆ సీసా ఇంట్లోనే ఉండాలి. ట్రమడాల్, కోడీన్ లాంటి మందులకు అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే కావాలని నర్సువి, నీకు తెలిసే ఉంటుంది.

ఇక నానుతాడు. పది కాసులది, అంటే 80 గ్రాములు. నేను మస్కట్ వెళ్లేటప్పుడు మా అమ్మ, అదే మీ నాన్నమ్మ, తన మెడలోంచి తీసి నా మెడలో వేసింది. పరాయి దేశంలో ఆపదొస్తే పనికొస్తుందని. ఎవరికీ చూపించలేదు, ఏ కాగితమూ తీసుకోలేదు. మన బంగారం మన ఒంటి మీద ఉంటే ఎవరడుగుతారులే అనుకున్నాను. నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చి, సుంకం కట్టే సామాను లేనివాళ్లు వెళ్లే గ్రీన్ చానెల్లో అందరి వెనకాలే నడిచాను. కస్టమ్స్ వాళ్లు ఆపారు. ఇది ఇక్కడి నుంచే వెళ్లిందని రుజువేదీ అన్నారు. మా అమ్మదండీ అని ఏడ్చాను తప్ప చేతిలో చీటీ ముక్క లేదు. బయట గ్లాసు అవతల మీ నాన్న నిన్నెత్తుకుని నిలబడి ఉన్నాడు, నేను లోపల మూడు గంటలు బల్ల మీద కూర్చున్నాను. పెంకుటింటికి స్లాబు వేయిద్దామని దాచుకున్న డబ్బులో సగం పైగా, మా అమ్మ నగకి నేనే సుంకం కట్టి విడిపించుకున్నాను. ఆ సంగతి అమ్మకు చివరిదాకా చెప్పలేదే. మీ నాన్నకు కూడా మొత్తం చెప్పలేదు.

అందుకని నువ్వు వెళ్లే రోజున, విమానం ఎక్కకముందే, కస్టమ్స్ వాళ్లకి నగ చూపించి, అది ఇక్కడి నుంచే వెళ్తోందని రాసిచ్చే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ అడిగి తీసుకో. ప్రభుత్వ గుర్తింపున్న వాల్యూయర్ దగ్గర ముందే తూకం, విలువ రాయించుకుని, ఫొటోలు పట్టుకెళ్లాలి. టైము పడుతుంది, ఓ గంట ముందే వెళ్లు, సిగ్గుపడకు. ఆ కాగితం పాస్‌పోర్టుతో పాటే దాచు, వచ్చేటప్పుడు అదే నీకు దిక్కు. అక్కడ కొత్తగా కొనుక్కునేది వేరే లెక్క. ఏడాదికి పైగా ఉండి వస్తే ఆడవాళ్లకు 40 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, బంగారు బిస్కెట్లు, నాణేలు అందులోకి రావు. మిగతా సామానుకు 2026 ఫిబ్రవరి నుంచి 75 వేల రూపాయల దాకా వదులుతున్నారు. బంగారం ఒక్క గ్రాము దాటినా, సుంకం కట్టాల్సినవాళ్లు వెళ్లే రెడ్ చానెల్లోకి వెళ్లి నువ్వే చెప్పు తల్లీ, దాచకు.

మంగళవారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. ఆ తాడు నేను వచ్చేదాకా బీరువాలోంచి తియ్యొద్దని మీ అమ్మతో చెప్పు. ఇద్దరం కలిసే అమలాపురం వెళ్లి తూకం వేయిద్దాం.

మీ అత్త