లాటరీ డబ్బు కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. టీచర్‌గా రిటైరయ్యాను. తెనాలిలో ఉంటున్నాం. బ్రిటన్ లాటరీలో నా మెయిల్ ఐడీకి 5 లక్షల పౌండ్లు తగిలాయని మెయిల్ వచ్చింది. ప్రాసెసింగ్ ఫీజు అంటే 18,500 రూపాయలు పంపాను. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఇంకో మెయిల్ వచ్చింది. టాక్స్ కింద 62,000 కడితే రెండు రోజుల్లో డబ్బు అకౌంట్లో పడుతుందట. నాకు 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసి కట్టాలా, లేక బంగారం మీద లోన్ తీసుకోవడం మేలా? మా వారికి ఇంకా చెప్పలేదు.

జవాబు: రెండూ వద్దమ్మా. ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. ఆ లాటరీ ఉత్తదే. 18,500 పోయిందనే లెక్క వేసుకోండి. దాన్ని రాబట్టుకుందామని 62,000 పంపితే పోయేది 80,500 అవుతుంది.

ఇది చదవగానే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ అది. మీరు డబ్బు పంపిన తేదీ, ట్రాన్సాక్షన్ నంబరు, అవతలి ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనో, అక్కడి నుంచి మళ్లించిన ఖాతాలోనో ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. మీ బ్యాంకుకూ రాతపూర్వకంగా చెప్పండి. అయితే డబ్బు మీరే మీ చేత్తో పంపారు కాబట్టి బ్యాంకు తిరిగి ఇస్తుందని ఆశ పెట్టుకోకండి. ఆ మెయిళ్లేవీ డిలీట్ చేయకండి, కంప్లయింటుకు అవే ఆధారం.

మీ ఉత్తరంలో టికెట్ కొన్నానన్న మాట ఎక్కడా లేదు. బ్రిటన్ నేషనల్ లాటరీ ఆడాలంటే ఆ దేశంలో ఉండి టికెట్ కొనాలి. మెయిల్ ఐడీలకు డ్రా తీయడం అనే పద్ధతే వాళ్లకు లేదు. ఇక్కడి నుంచి విదేశీ లాటరీ టికెట్లకు డబ్బు పంపడం 2000 నాటి విదేశీ మారక నిబంధనల ప్రకారం నిషిద్ధం కూడా.

టాక్స్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. కోట్లు వస్తుంటే టాక్స్ కట్టమనడం న్యాయమే కదా అనిపిస్తుంది. మన దేశంలో లాటరీ బహుమతి మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజం. కానీ నగదు బహుమతిలో దాన్ని ఇచ్చేవాళ్లే ముందుగా కోసుకుని మిగిలింది ఇస్తారు. కేరళ ప్రభుత్వ లాటరీనే చూడండి. 2022 ఓణం బంపర్ మొదటి బహుమతి 25 కోట్లు. అందులో ఏజెంటు కమీషన్ 10 శాతం, అంటే రెండున్నర కోట్లు పోయింది. మిగిలిన 22.5 కోట్ల మీద 30 శాతం, అంటే 6.75 కోట్లు పన్ను కింద పట్టుకున్నారు. విజేత లెక్కకు వచ్చింది 15.75 కోట్లు. ఆటో నడిపే ఆ మనిషిని ముందు 6.75 కోట్లు తెచ్చి కట్టమంటే ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ తర్వాత ఇంకేమైనా పన్ను కట్టాల్సి వచ్చినా, పాన్ నంబరుతో చలానా తీసి ఆదాయపన్ను శాఖకే కడతాం. మిమ్మల్ని పంపమన్న ఖాతా ఎవరిదో చూడండి. ఎవరో ఒక వ్యక్తి సేవింగ్స్ ఖాతా అయి ఉంటుంది. కమీషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంకో విషయం, బ్రిటన్‌లో లాటరీ బహుమతికి అసలు పన్నే లేదు.

రిజర్వ్ బ్యాంకు ఎవరి లాటరీ డబ్బూ దాచిపెట్టదు, దాన్ని విడుదల చేస్తామని మెయిళ్లూ పంపదు. ఈ మాట ఆ బ్యాంకే ఎన్నోసార్లు చెప్పింది. లెటర్‌హెడ్, గవర్నర్ సంతకం, గుండ్రటి ముద్ర ఎవరైనా కంప్యూటర్లో తయారు చేయగలరు. మెయిల్ పైన కనిపించే పేరును నమ్మకండి. రిప్లై నొక్కితే ఏ అడ్రసు వస్తుందో చూడండి, చాలాసార్లు మామూలు జీమెయిల్ ఐడీ బయటపడుతుంది.

'డబ్బు చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు' అని ఆ మెయిల్లో ఉందా? ఉండే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన, ఆయనే రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు, ఇలాగే మూడుసార్లు కట్టి నాలుగోసారి కూతురికి చెప్పారు. టాక్స్ తర్వాత ఇన్సూరెన్స్, ఆ తర్వాత ఏదో క్లియరెన్స్ సర్టిఫికెట్ అంటూ అడుగుతూనే పోయారు. ఆమెకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఈ రాత్రికే మీ వారికి చెప్పేయండి. కాస్త కోప్పడతారు, అంతేగా.

ఆధార్, పాన్ కాపీలు పంపి ఉంటే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. మీ పేరున ఎవరైనా లోన్ తీశారేమో క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి, ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. వాళ్లు చెప్పిన యాప్ ఏదైనా ఫోన్లో వేసుకుని ఉంటే ముందు అది తీసేయండి. కొన్ని వారాల తర్వాత 'మీ 18,500 తిరిగి ఇప్పిస్తాం, చిన్న ఫీజు కట్టండి' అని ఇంకెవరో ఫోన్ చేయవచ్చు. ఒకసారి డబ్బు పంపినవాళ్ల నంబర్లు ఈ ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి.

ఇక మీ ఎఫ్‌డీ. గడువు ఎప్పుడో రాయలేదు. 60 దాటకముందు వేసిందైతే సీనియర్ సిటిజన్లకిచ్చే అదనపు వడ్డీ, సాధారణంగా అర శాతం, దానికి వస్తూ ఉండదు. అలాగని ఇప్పుడే తీయకండి, మధ్యలో తీస్తే పెనాల్టీ వేస్తారు. గడువు తీరేనాటికి ఆటో రెన్యువల్‌కు వదిలేయకుండా బ్రాంచికి వెళ్లి అప్పటి రేటు అడగండి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీముతో పోల్చి చూడండి. అది ఐదేళ్ల స్కీము, వడ్డీ మూడు నెలలకోసారి చేతికొస్తుంది. పనిలో పనిగా నామినీగా మీ వారి పేరు ఉందో లేదో కూడా చూసుకోండి.