ఇల్లూ వాకిలీ: చెన్నైలో కాపురం ఏ పేటలో?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం ఊరు మారే సంగతులే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చెన్నైకో విశాఖకో మకాం మార్చేవాళ్ళు అడిగినవాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మా ఆయనకు చెన్నైలో శిరుశేరి సిప్‌కాట్‌లో ఉద్యోగం వచ్చింది. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. మా అత్తకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అద్దె 25 వేలు దాటకూడదు. మాధవరంలో అయితే మన తెలుగువాళ్ళు ఉంటారు, నెల్లూరు బస్సు కూడా అక్కడే దిగుతుందని బంధువులంటారు. బ్రోకరేమో పెరుంబాక్కంలో కొత్త అపార్ట్‌మెంట్ చూపించాడు, ఇల్లు అద్దంలా ఉంది. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మాధవరం వద్దు. ఆంధ్ర బస్సులు అక్కడికి వస్తాయన్న మాట నిజమే. కానీ మాధవరం ఊరికి ఉత్తరాన, శిరుశేరి దక్షిణాన. మధ్యలో 40 కిలోమీటర్లకు పైనే, అదీ ఊరంతా దాటుకుని. ఆ రెండింటినీ కలిపే మెట్రో దారి ఇంకా కడుతున్నారు, ఆ కట్టే పనుల వల్లే శిరుశేరికి పోయే ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మరీ ఇరుకైంది. మీరు కావలికి నెలకు ఒకటి రెండుసార్లు వస్తారేమో, ఆయన ఆఫీసుకు నెలకు ఇరవై రెండుసార్లు వెళ్ళాలి. బస్టాండు దగ్గరని ఇల్లు తీసుకుంటే రోజుకు నాలుగు గంటలు రోడ్డుపాలు.

పెరుంబాక్కం సంగతి వేరు. ఆఫీసుకు దగ్గరే, అద్దె అందుబాటులోనే ఉంటుంది, కట్టడాలు కొత్తవి. చిక్కు నేలతో. దక్షిణ చెన్నై చెరువులు నిండితే ఆ నీళ్ళన్నీ పళ్ళికరణై చిత్తడినేలకు చేరి, ఒక్కియం మడువు మీదుగా బకింగాం కాలువలో పడాలి. మన తీరం వెంట పోయే బకింగాం కాలువే అది. ఆ దారి ఇరుకు. సముద్రం పోటు మీదుంటే నీళ్ళు కదలవు. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను, బాపట్ల దగ్గర తీరం దాటకముందు, చెన్నైని ముంచినప్పుడు పళ్ళికరణై, పెరుంబాక్కం, వేళచ్చేరి వీధుల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. ఊరవతలి పక్క ముడిచ్చూరు, వరదరాజపురం అడయారు నది పొంగితే మునుగుతాయి. 2015 డిసెంబరులో అంతే జరిగింది.

మీ లెక్కకు ముందుగా చూడాల్సింది తూర్పు తాంబరం, సేలయ్యూరు, రాజకిళ్‌పాక్కం వైపు. అక్కడి నుంచి శిరుశేరి సుమారు పాతిక కిలోమీటర్లు. మేడవాక్కం, షోళింగనల్లూరు మీదుగా ఒక దారి, వండలూరు–కేళంబాక్కం రోడ్డు మీదుగా ఇంకో దారి. ఒకటి జామైతే రెండోది ఉంటుంది. బడులు, ఆస్పత్రులు, మందుల షాపులు పాతకాలం నుంచీ ఉన్న పేటలు. తాంబరంలో లోకల్ ఎక్కి పార్క్ స్టేషన్‌లో దిగితే రోడ్డుకు అవతలే సెంట్రల్, మధ్యాహ్నం పినాకిని రైలు అందుకోవచ్చు. హైదరాబాదు వెళ్ళే చార్మినార్ అయితే తాంబరంలోనే బయల్దేరి నెల్లూరు, ఒంగోలు మీదుగా పోతుంది.

ఆఫీసు బస్సు ఉంటే ముందు దాని రూటు కాగితం తెప్పించుకుని, అది ఆగే చోటికి పది నిమిషాల నడకలో ఇల్లు వెతకండి. నావలూరు, పాడూరు ఆఫీసుకు ఇంకా దగ్గర. కాకపోతే అక్కడ చాలా అపార్ట్‌మెంట్లకు ట్యాంకరు నీళ్ళే గతి. అద్దె తక్కువనిపించి మెయింటెనెన్సులో తేలుతుంది.

సేలయ్యూరు అన్నాం కదా అని అక్కడ ప్రతి వీధీ మెరక అనుకోవద్దు. చెన్నైలో పేట మంచిదైనా వీధి పల్లం కావచ్చు. వీధి పేర్లు చదవండి. ‘ఏరిక్కరై’ అంటే చెరువుకట్ట, ‘తాంగల్’ అంటే కుంట. ‘పళ్ళం’ మన పల్లమే, ‘మేడు’ మెరక. తర్వాత ఇంటి బయట నిలబడండి. ప్రహరీ మీద రెండు మూడడుగుల ఎత్తున అడ్డంగా ఒక చార ఉండి, దాని కింద సున్నం పొక్కులు పొక్కులుగా రాలుతుంటే నీళ్ళు అంతదాకా వచ్చాయని. కరెంటు మీటరు బోర్డు తలెత్తి చూసేంత ఎత్తుకు మార్చి ఉన్నా అదే అర్థం. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి, పాత ఇళ్ళ గడప రోడ్డుకన్నా కిందికి పోయి ఉంటుంది. గేటు దగ్గర లోపలికి మెట్టు దిగాల్సి వస్తే ఆ ఇల్లు వదిలేయండి. కొత్తగా రంగు వేసిన గోడ ఏమీ చెప్పదు, అప్పుడు పక్కింటి గోడ చూడండి. బ్రోకరును కాదు, ఇస్త్రీ బండి అతన్ని అడగండి: ‘తణ్ణి ఎవ్వళవు దూరం వందుచ్చు?’ అంటే నీళ్ళు ఎంతదాకా వచ్చాయని. 2015 గురించి ఒకసారి, 2023 గురించి ఒకసారి.

మీ అత్తగారి మోకాళ్ళకు కింది ఇల్లు సుఖం, వరదకు పై ఇల్లు సుఖం. రెంటికీ మధ్యేమార్గం కింద పార్కింగు, పైన మొదటి అంతస్తు ఉన్న కట్టడం. లిఫ్టుకు జనరేటరు ఉందా అని అడిగి ఊరుకోక, ఒకసారి వేయించి చూడండి. ముంపులో కరెంటు తీసేస్తే లిఫ్టు ఆగుతుంది, ఒక అంతస్తు అయితే నెమ్మదిగానైనా దిగగలరు.

ఇక నీళ్ళు. ఇంటివాళ్ళు ‘నల్ల తణ్ణి’ వస్తుందంటే హడలిపోకండి. తమిళంలో నల్ల అంటే మంచి! అడగాల్సింది మూడు: మెట్రోవాటరు (నగర నీటి బోర్డు) కుళాయి ఉందా, బోరు ఎంత లోతు, ఎండాకాలంలో లారీలు ఎన్ని. నీళ్ళలో కరిగిన ఉప్పును కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, అది కొని వంటింటి కుళాయి, స్నానాలగది కుళాయి రెండూ కొలవండి. 500 లోపుంటే తాగునీటి ప్రమాణానికి సరిపడే ఉప్పు. 2000 దాటితే గీజరు కాయిల్, వాషింగ్ మెషీన్, మీ జుట్టు, మూడూ పోతాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క. మీ ఐదుగురికి నెలకు 20 వేల లీటర్లు. 40 ఇళ్ళ అపార్ట్‌మెంటు అయితే రోజుకు 27 వేల లీటర్లు, అంటే బోరు ఎండితే 12 వేల లీటర్ల లారీలు రోజుకు రెండు దాటి కావాలి. అందుకే ఏప్రిల్, మే, జూన్ నెలల మెయింటెనెన్స్ రసీదులు అడిగి చూడండి. డిసెంబరు రసీదు చూసి మోసపోవద్దు. 2019 జూన్‌లో నగరానికి నీళ్ళిచ్చే నాలుగు చెరువులూ ఎండాయి. మన కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్ళు పోయేది ఆ చెరువుల్లో ఒకటైన పూండికే!

అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదని తమిళనాడు అద్దె ఇళ్ళ చట్టం, 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. అయితే ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న సందు ఒకటి అందులోనే ఉంది. ఐదారు నెలలు అడిగేది ఆ సందులోంచే. బేరమాడండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోసుకోవడం అక్కడి అలవాటు. ఎంత కోస్తారో, మిగతాది ఎన్నాళ్ళకు ఇస్తారో అగ్రిమెంటులోనే రాయించండి. కరెంటు రీడింగు రెండు నెలలకోసారి, మొదటి 100 యూనిట్లు ఉచితం, 500 దాటితే రేటు ఎగబాకుతుంది. రెండు వాటాలకు ఒకే మీటరు ఉంటే ఉచితం పంచుకోవాలి, 500 మాత్రం ఇట్టే దాటేస్తారు. వేరే మీటరు లేని ఇల్లు అద్దె వెయ్యి తగ్గించినా లాభం లేదు.

ఇల్లు చూడటానికి ఆదివారం వెళ్ళకండి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి ముందు నుంచి ఆయన ఆఫీసుకు బయల్దేరి చూడాలి. వీలైతే కార్తీకమాసం వానల్లో ఒకసారి.

ప్రశ్న: నాకు చెన్నై బదిలీ అయింది. మా అమ్మాయి నెల్లూరులో ఎనిమిదో తరగతి చదువుతోంది, డాక్టరు కావాలని పట్టుదల. తొమ్మిది నుంచి చెన్నైలో చేర్పిద్దామనుకుంటున్నాం. తమిళం రాదు. ఇబ్బందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తమిళం చిన్న ఇబ్బంది. అసలు ఇబ్బంది లోకల్, నాన్‌లోకల్. ఊరు మారాక రెండేళ్ళకు గానీ చాలామందికి ఇది తట్టదు.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. మీ అమ్మాయికి ఆ నాలుగేళ్ళు తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. అవి చెన్నైలో గడిస్తే నెల్లూరులో పుట్టినా ఇక్కడ నాన్‌లోకల్. మీరు రాష్ట్రంలో పదేళ్ళు ఉన్నట్టు రుజువు చూపితే మిగిలిన 15 శాతంలో పోటీ పడవచ్చు, అంతే.

పోనీ తమిళనాడు సీటు వస్తుందా అంటే, ఇతర రాష్ట్రాలవాళ్ళ పిల్లలు అక్కడి వైద్య సీట్లకు రావాలంటే 6 నుంచి 12 దాకా తమిళనాడులోనే చదివి ఉండాలి. ఇంజనీరింగుకు 8 నుంచి 12. మీ అమ్మాయి వైద్యానికి మూడేళ్ళతో, ఇంజనీరింగుకు ఒక్క ఏడాదితో తప్పిపోతుంది. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఇక్కడి బీసీ సర్టిఫికెట్టు కూడా అక్కడ చెల్లదు, ఓసీ కిందే లెక్క. అఖిల భారత కోటా ఎక్కడున్నా ఒకటే. ఎన్‌ఐటీలకు మాత్రం పన్నెండు ఏ రాష్ట్రంలో పాసైతే అదే సొంత రాష్ట్రం, కాబట్టి ఇంజనీరింగు వైపు తిరిగితే తిరుచ్చి ఎన్‌ఐటీ సొంత రాష్ట్రపు కోటా దక్కుతుంది.

డాక్టరు చదువే ఖాయమైతే అమ్మాయిని ఇంటర్ అయ్యేదాకా నెల్లూరులో అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో ఉంచి, మీరు వారం వారం రావడమే మా సలహా. 175 కిలోమీటర్లు, మూడు గంటల దారి. పైన కావలి పాపకు ఈ చిక్కు లేదు. ఐదులోనే చెన్నైలో చేరి అక్కడే పన్నెండు ముగిస్తే తమిళనాడు లెక్కకు సరిపోతుంది. ఆ తర్వాత మధ్యలో వెనక్కి రాకూడదు మరి.

మీరు ఎలాగైనా తీసుకెళ్ళాలనుకుంటే, 2006 చట్టం కింద తమిళనాడు బడుల్లో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి పాఠం. తొమ్మిదిలో కొత్తగా వచ్చే పిల్లకు మినహాయింపు ఉంటుందా, ఉండదా అన్నది ఫీజు కట్టకముందే బడివాళ్ళ చేత కాగితం మీద రాయించుకోండి. టీసీ మీద ఇక్కడి విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం వేయించుకునే కదలండి, వేరే రాష్ట్రం బడులు అది అడుగుతాయి. వేసవి సెలవుల్లో ఆ సంతకానికి తిరగడం నరకం.

ప్రశ్న: పని చెన్నై పారిస్ కార్నర్‌లో. సూళ్ళూరుపేటలో సొంత ఇల్లుంది. రోజూ లోకల్‌లో పోయి రావచ్చా? లేక పొన్నేరి, ఎన్నూరు వైపు అద్దెకు దిగాలా?
– ఒక పాఠకుడు, సూళ్ళూరుపేట

జవాబు: సెంట్రల్ 80 కిలోమీటర్ల పైన. లోకల్ అన్ని స్టేషన్లలో ఆగుతూ రెండు గంటలు దాటిస్తుంది, ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇస్తూ పొన్నేరి దగ్గరో మీంజూరు దగ్గరో నిలబెడితే ఇంకా ఎక్కువ. పిల్లలు చిన్నవాళ్ళైతే వాళ్ళు లేవకముందు పోయి పడుకున్నాక రావడమే. పొన్నేరిలో దిగితే ఆ దూరం సగానికి తగ్గుతుంది, తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉంటారు. లోకల్‌లో విమ్కో నగర్ దాకా పోయి అక్కడ మెట్రో మారితే హైకోర్టు స్టేషన్ మీకు పక్కనే. ఎన్నూరు, మణలి మాత్రం పిల్లలతో వద్దంటాం. రిఫైనరీ, థర్మల్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం అన్నీ ఆ చుట్టుపక్కలే. 2023 డిసెంబరులోనే ఒకసారి వరదనీటితో చమురు ఎన్నూరు దగ్గరి సముద్రపు పాయలోకి చేరింది, నెలాఖరున అమ్మోనియా లీకై జనం అర్ధరాత్రి ఇళ్ళు వదిలి పరుగెత్తారు.

ప్రశ్న: మావారికి విశాఖ పరవాడ ఫార్మాసిటీలో పని. నాకు బీచ్ దగ్గర ఎంవీపీ కాలనీలో ఉండాలని ఉంది. పిల్లల లోకల్ సమస్య మాకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: రాదు. రాష్ట్రం లోపల లోకల్ లెక్క యూనివర్సిటీ పరిధిని బట్టే. ఉమ్మడి ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ పరిధి, విశాఖా అదే. మీ పక్క జిల్లా నెల్లూరువాళ్ళకైతే వస్తుంది, వాళ్ళది శ్రీవేంకటేశ్వర పరిధి.

ఎంవీపీ చక్కని కాలనీ, బడులకూ ఆస్పత్రులకూ లోటు లేదు. కానీ పరవాడ ఊరికి అవతలి కొస. మధ్యలో ఎన్ఏడీ, గాజువాక రద్దీ రెండుపూటలా దాటాలి. కూర్మన్నపాలెం, దువ్వాడ వైపు చూడండి. విశాఖ స్టేషన్‌లోకి పోకుండా పక్కనుంచి వెళ్ళే రైళ్ళు దువ్వాడలో ఆగుతాయి, ఒంగోలు రాకపోకలకు అదొక సుఖం. ఆ పక్క స్టీలుప్లాంటు దుమ్ము ఉంటుంది. ఇల్లు చూసేటప్పుడు డాబా ఎక్కి, నీళ్ళట్యాంకు మూత మీద వేలితో గీయండి. నల్లగా ముద్దలా అంటితే ఇంకో వీధి వెతకండి. ఎంవీపీయే కావాలంటే సముద్రం కనిపించే వరస మాత్రం వద్దు. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు, ఏసీ బయటి పెట్టె త్వరగా తుప్పుపడతాయి. రెండు మూడు వీధులు లోపలికి వస్తే గాలి అదే వస్తుంది, తుప్పు తగ్గుతుంది, అద్దె కూడా.