తెరచాప పడవల ఇంజిన్ మెకానిక్ అవుతానంటున్న కుర్రాడికి ఏది దారి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నేను ఏటా కొన్ని నెలలు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోటు మీద పనిచేసి వస్తాను. మా అబ్బాయికి 18 ఏళ్లు. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. టెన్త్ నుంచీ సెలవుల్లో టెక్కలిలో ఒక ట్రాక్టర్ మెకానిక్ షెడ్డుకి వెళ్తున్నాడు. ఇప్పుడు ఫోన్లో విదేశీ తెరచాప పడవల వీడియోలు చూసి, వాటి డీజిల్ ఇంజిన్లూ, ఎగ్జాస్టూ బాగుచేసే పనే నేర్చుకుంటానని పట్టుబట్టాడు. చాపతో నడిచే పడవకి ఇంజిన్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. మూడున్నర లక్షలు కడితే ఆరు నెలల కోర్సు, ఆ తర్వాత దుబాయ్‌లో ఉద్యోగం అని ఒక ఏజెంటు చెప్తున్నాడు. వాళ్లమ్మ సముద్రం మాటెత్తితేనే వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. ఆ ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. పడవల డీజిల్ ఇంజిన్ల మీద బ్రిటన్‌లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్ నడిపే కోర్సు ఒక్క రోజుది. యాట్లనే పెద్ద విహార పడవల ఇంజిన్ రూములో పనిచేసేవాళ్ల కోసం అక్కడి మారిటైమ్ అండ్ కోస్ట్‌గార్డ్ ఏజెన్సీ ఆమోదించిన మొదటి స్థాయి ఇంజిన్ కోర్సు ఐదు రోజుల్లో అయిపోతుంది. చేతిలో పని ఉన్నవాడికి పైన ఒక కాగితం చేర్చడానికే అవి పనికొస్తాయి, పనిని మొదటి నుంచి నేర్పవు. మరి ఆరు నెలలు, మూడున్నర లక్షలు ఎక్కడి లెక్కో ఆయన్నే అడగండి.

విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు సర్వీస్ ఛార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఆ శాఖ ఈమైగ్రేట్ వెబ్‌సైట్లో మీ ఏజెంటు పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయో లేదో మీ అబ్బాయే ఫోన్లో చూడగలడు. ఓడ మీద ఉద్యోగం అంటే, ఇప్పించే కంపెనీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సున్న కంపెనీ ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బే తీసుకోకూడదు.

ఇక చాప పడవకి ఇంజిన్ ఎందుకన్నారు కదా. గాలి పడిపోయినప్పుడు కదలాలి. ఇరుకు రేవులో పక్క పడవలకి తగలకుండా తిప్పి కట్టాలి. లైట్లకీ, ఫ్రిజ్‌కీ బ్యాటరీ ఛార్జి కావాలి. మామూలు సైజు తెరచాప పడవలో యాన్మార్, వోల్వో పెంటా లాంటి కంపెనీల చిన్న డీజిల్ ఇంజిన్ ఉంటుంది. చాలా పడవల్లో అది లోపలికి దిగే మెట్ల కింద దాక్కుని ఉంటుంది. మెకానిక్ బోర్లా పడుకుని, కంటికి కనిపించని బోల్టుని వేలితో తడుముతూ విప్పాలి. వీడియోల్లో నీలం నీళ్లు కనిపిస్తాయి గానీ ఈ చెమట కనిపించదు.

ఈ ఇంజిన్లకో విచిత్రం ఉంది. వెరావల్ బోటు ఇంజిన్ రోజుల తరబడి బరువు లాగి లాగి అరుగుతుంది. తెరచాప పడవ ఇంజిన్ ఎక్కువగా పాడయ్యేది సరిగ్గా వాడకపోవడం వల్ల. రేవు దాటేదాకా కాసేపు తిప్పుతారు, చాప ఎత్తగానే ఆపేస్తారు. లేదంటే బ్యాటరీ కోసం లోడు లేకుండా గంటల తరబడి ఊరికే తిప్పుతారు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, మసి పడుతుంది. ట్యాంకులో నీళ్లు చేరి, డీజిల్లో నాచులాంటి జిగురు పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి. అందుకే ఈ పనిలో బోరు సెట్టు మార్చే మొనగాడికంటే, ఏ గంటకి ఏం మార్చాడో పుస్తకంలో రాసిపెట్టుకునే శుభ్రమైన మనిషికి విలువ ఎక్కువ. మీ అబ్బాయి షెడ్డులో స్పానర్లు తుడిచి పెడతాడో, విసిరేసి వస్తాడో కాస్త గమనించండి. ర్యాంకు కంటే నాకు అదే ముఖ్యం.

టెక్కలి షెడ్డులో నేర్చుకున్నది వృథా కాదు. డీజిల్ లైన్లో గాలి తీయడం, నాజిల్ విప్పడం, హెడ్ ప్యాకింగ్ వేయడం, పొగ రంగు చూసి జబ్బు చెప్పడం, ఇవన్నీ పడవలోనూ అంతే. నల్ల పొగ అయితే గాలి చాలడం లేదు, లేదా లోడు ఎక్కువైంది. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. తెల్లగా వస్తే మాత్రం పడవలో ఇంకాస్త ఆలోచించాలి. కాలని డీజిలూ కావచ్చు, ఆవిరీ కావచ్చు.

తేడా మొదలయ్యేది రేడియేటర్ దగ్గర. పడవకి చుట్టూ ఉన్న సముద్రమే చల్లదనం. అడుగున ఒక వాల్వు ఉంటుంది, దాన్ని సీకాక్ అంటారు. అందులోంచి ఉప్పునీళ్లు జల్లెడ దాటి పంపులోకి వస్తాయి. పంపులో రబ్బరు రెక్కల ఇంపెల్లర్ తిరుగుతూ నీటిని హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి తోస్తుంది. అక్కడ ఇంజిన్‌లో తిరిగే మంచినీళ్ల వేడిని ఉప్పునీళ్లు లాక్కుంటాయి. ఇంపెల్లర్‌కి నీళ్లు అందకపోతే చూస్తుండగానే కాలిపోతుంది. అందుకే చాలామంది ఏడాదికోసారి మార్చేస్తారు. రెక్క విరిగితే కొత్తది వేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఆ విరిగిన ముక్క ముందుకు కొట్టుకుపోయి హీట్ ఎక్స్‌ఛేంజర్ నోట్లో ఇరుక్కుంటుంది. ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి. ఉప్పునీరు లోహాన్ని తినేయకుండా కొన్ని ఇంజిన్లలో చిన్న జింకు ముక్క పెడతారు. ఇంజిన్ బదులు అది కరుగుతుంది, కరిగాక మార్చాలి.

ఆ ఉప్పునీళ్ల ప్రయాణం అంతటితో ఆగదు, ఎగ్జాస్ట్‌లోకి వెళ్తుంది. ట్రాక్టర్‌కి సైలెన్సర్ ఆకాశంలోకి నిలబడి ఉంటుంది, ఎంత కాలినా ఎవరికీ బాధ లేదు. తెరచాప పడవలో ఆ గొట్టం మనుషులు పడుకునే గది పక్కనుంచి వెనక్కి వెళ్లాలి. వందల డిగ్రీల వేడి పొగని అలా తీసుకెళ్లలేరు. కాబట్టి ఇంజిన్ పక్కనే మిక్సింగ్ ఎల్బో అనే వంపు దగ్గర పొగలోకి ఉప్పునీళ్లు కలుపుతారు. పొగ చల్లబడుతుంది, అక్కడి నుంచి రబ్బరు గొట్టమే సరిపోతుంది. నీళ్లూ పొగా కలిసి వాటర్‌లాక్ అనే డబ్బాలో పడతాయి. పొగ ఒత్తిడే ఆ నీళ్లని పైకి ఎత్తి, వెనక ఉన్న గొట్టంలోంచి బయటికి చిమ్ముతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే పడవ వెనక్కి వెళ్లి నీళ్లు చిమ్ముతున్నాయో లేదో చూడటం మంచి మెకానిక్‌కి అలవాటుగా ఉండాలి.

ఎల్బోలో ఉప్పూ మసీ కలిసి గట్టిపడి దారి ఇరుకవుతుంది. ఇంజిన్ ఊపిరాడక నల్ల పొగ తీస్తుంది, వేడెక్కుతుంది. చాలామంది నాజిళ్లు మార్చి, డీజిల్ పంపు కాలిబ్రేషన్ చేయించి, డబ్బంతా ఖర్చుపెట్టాక ఎల్బో విప్పుతారు. లోపల వేలు కూడా దూరదు. అదే ఎల్బో తుప్పుపట్టి చిల్లుపడితే పొగ గదిలోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి ఎగ్జాస్ట్ గొట్టాలు, క్లిప్పులు చూడటం చిల్లర పని కాదు.

ట్రాక్టర్ చేతులతో వచ్చిన కుర్రాడు పడవలో చేసే ప్రమాదం ఇంకోటి ఉంది. ఇంజిన్ అందుకోకపోతే మనవాళ్లు సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. పొలంలో అయితే బ్యాటరీ దిగుతుంది, అంతే. పడవలో సెల్ఫ్ కొట్టినంతసేపూ ఉప్పునీటి పంపు కూడా తిరుగుతుంది. ఇంజిన్ మండటం లేదు కాబట్టి నీటిని బయటికి తోసే పొగ లేదు. వాటర్‌లాక్ నిండి, నీళ్లు వెనక్కి పాకి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వులోంచి సిలిండర్‌లోకి దిగుతాయి. నీరు గాలిలా నొక్కుకుపోదు. పిస్టన్ పైకి వచ్చి దాన్ని కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి మొండికేసిన ఇంజిన్‌కి సెల్ఫ్ కొట్టే ముందు సీకాక్ మూయాలి, అందుకోగానే తెరవాలి. తెరవడం మర్చిపోతే ఇంపెల్లర్ పోతుంది. ఎల్బో నీటిమట్టానికి దగ్గరగానో కిందగానో ఉన్న పడవల్లో, ఇంజిన్ ఆపాక కూడా సముద్రం తనంతట తానే లోపలికి దిగకుండా గాలి పీల్చే చిన్న వాల్వున్న వంపు ఒకటి పైన పెడతారు. ఆ వాల్వు ఉప్పు పట్టి మూసుకుపోయిందా, పడవ కట్టేసి ఉండగానే ఇంజిన్ మునుగుతుంది. ఆయిల్ పుల్ల తీస్తే పాలలా తెల్లగా కనిపిస్తుంది.

ఇదంతా మీకెందుకు రాశానంటే, మీ అబ్బాయికి చదివి వినిపించండి. విసుక్కోకుండా మధ్యలో ప్రశ్నలు అడిగితే వాడికి ఈ పని మీద నిజంగానే ఇష్టం ఉన్నట్టు.

సంపాదన మాటకొస్తే, తెరచాప పడవల మీదే బతికే మెకానిక్‌కి మన తీరంలో పని లేదు. దేశంలో అలాంటి పడవలు నిలిపే మెరీనాలు తక్కువ, కొచ్చి, గోవా, ముంబై వైపే చూడాలి. నేవీకి తారిణి లాంటి తెరచాప నౌకలున్నాయి. 2017-18లో ఆరుగురు మహిళా అధికారులు దాని మీద భూమి చుట్టివచ్చారు, వారిలో విశాఖ అమ్మాయి స్వాతి ఒకరు. కానీ వాటిని చూసుకునేది నేవీ మనుషులే. దుబాయ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, మలేషియాలోని లంకావి వైపు యాట్ల మరమ్మతు పని ఉంటుంది. అక్కడ అడిగేది ఎన్నేళ్లు పడవ ఇంజిన్ల మీద పనిచేశావనే. కాబట్టి మొదటి ఐదారేళ్లు కూడు పెట్టేవి మరబోట్లు, రేవులో ఓడలని లాగే టగ్గులు, లాంచీలు, జనరేటర్లు. మీ మండలంలోనే మూలపేట పోర్టు కడుతున్నారు, అది నడిస్తే టగ్గుల పని ఉంటుంది. అయితే ఇంకా నడవని పోర్టుని నమ్ముకుని చదువు ఎంచుకోమని నేను చెప్పను.

నేనైతే మొదట విశాఖలోని సిఫ్‌నెట్ పేరు చెబుతాను. మత్స్య నౌకల నావికులకీ ఇంజినీరింగ్ సిబ్బందికీ శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. ప్రధాన కేంద్రం కొచ్చిలో, మిగతా రెండు చెన్నై, విశాఖల్లో ఉన్నాయి. అందులో మెరైన్ ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. టెన్త్‌లో లెక్కలు, సైన్సు రెండింట్లోనూ 40 శాతం మార్కులు అడుగుతారు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. వయసు పరిమితి 20 దగ్గర ఉంటుంది కాబట్టి ఇంకో ఏడాది ఆగుదాంలే అనుకోవద్దు. నోటిఫికేషన్ రాగానే తేదీలు మీరే సరిచూసుకోండి. ఆ తర్వాత సముద్రం మీద నిర్ణీత కాలం పనిచేస్తే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ పెట్టే ఫిషింగ్ వెసెల్ ఇంజిన్ డ్రైవర్ పరీక్ష రాయొచ్చు. ఆ సర్టిఫికెట్‌కి ఒక బరువుంది.

అది దొరకకపోతే ఐటీఐలో డీజిల్ మెకానిక్, ఒక ఏడాది. ఫిట్టర్ అయితే రెండేళ్లు. నాకు ఫిట్టరే ఇష్టం. ఫైలు పట్టడం, కొలత తీయడం వచ్చినవాడికి ఇంజిన్ నేర్పడం తేలిక. ఐటీఐ తర్వాత విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలుకీ, హిందుస్థాన్ షిప్‌యార్డుకీ అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూస్తుండాలి. మార్కులకీ రాత పరీక్షకీ విలువ ఉంటుంది కాబట్టి ఐటీఐనే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఎంపీసీ చదివాడు కదా, బీటెక్ మెరైన్ ఇంజినీరింగ్ చేయించొచ్చుగా అని ఎవరో ఒకరు అంటారు. మార్కులుండి, దానికి ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్ రాసి, ఫీజు భరించగలిగితే మంచిదే. కానీ అది పెద్ద ఓడల ఇంజిన్ రూములో అధికారి ఉద్యోగం, మీవాడు కోరుకుంటున్న పని వేరు.

నోటిఫికేషన్లు వచ్చేలోపు రెండు నెలలు ఖాళీగా ఉంచకండి. మన ఒడ్డున ఫైబర్ పడవలకి కట్టే పొడవు తోక ఇంజిన్లలో చాలావి గాలితో చల్లబడేవే. వాటి మీద ఉప్పునీటి పంపు నేర్చుకోలేడు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల మెకానిక్ దగ్గర పెట్టండి. పొగ గొట్టం అక్కడ కూడా చాలా బోట్లకి పైకే ఉంటుంది, తడి ఎగ్జాస్ట్ తర్వాతెప్పుడో లాంచీల మీద నేర్చుకుంటాడు. కానీ ఉప్పు లోహాన్ని ఏం చేస్తుందో కళ్లారా చూస్తాడు. సాయంత్రాలు ఇంగ్లీషు మాన్యువల్ ఒకటి పెట్టుకుని రోజుకో పేజీ చదవమనండి. యాన్మార్ చిన్న ఇంజిన్ల మాన్యువళ్లు ఇంటర్నెట్లో దొరుకుతాయి. యాట్ యజమానికి ఏం చేశావో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసిచ్చే మెకానిక్‌కీ, చేతులూపి చెప్పే మెకానిక్‌కీ కూలిలో తేడా ఉంటుంది.

చివరగా వాళ్లమ్మ మాట. మీరు ఏటా వెరావల్ వెళ్తుంటే ఇంటి దగ్గర కూర్చున్న మనిషి ఆవిడ. 2018లో వెరావల్ బోట్ల మీద వెళ్లిన మన జిల్లాల వాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడి 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఆ భయాన్ని తీసిపారేయకండి. పడవల మెకానిక్ పనిలో ఎక్కువ భాగం జెట్టీ దగ్గరే జరుగుతుందని ఆవిడకి చెప్పండి, అది నిజం. అయితే సిఫ్‌నెట్ దారిలో ఇంజిన్ డ్రైవర్ సర్టిఫికెట్ కావాలంటే మాత్రం కొంతకాలం సముద్రం మీదికి వెళ్లక తప్పదు, అదీ దాచకుండా చెప్పండి. ఆవిడ ససేమిరా అంటే ఐటీఐ, అప్రెంటిస్, హార్బర్ షెడ్డు దారి ఉంది. అందులో ఒడ్డు దాటకుండానే బతకొచ్చు, జీతం కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. ఏ దారో ముగ్గురూ కూర్చుని తేల్చుకున్నాకే దరఖాస్తు నింపండి.