‘మూడు నెలలకు’, ‘మూడు నెలల్లో’, ‘మూడో నెలలో’: గడువు ఏ రోజు?

సందేహం: 2025 నవంబరు 30న ఒకాయనకు అప్పిచ్చి నోటు రాయించుకున్నాను. ‘నేటి నుంచి మూడు నెలలకు చెల్లించగలవాడను’ అని రాశారు. జనవరి ఆఖరుకే గడువు అయిపోయిందని మా బావమరిది అంటాడు. మార్చి మొదటి వారం దాకా ఉందని తీసుకున్నాయన అంటాడు. ఫిబ్రవరికి 30వ తేదీయే లేదు కదా! ఇద్దరిలో ఎవరిది ఒప్పు? ‘మూడు నెలల్లో’ అని రాసి ఉంటే తేడా వచ్చేదా? (పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ నోటు ప్రకారం మూడు నెలలు నిండేది 2026 ఫిబ్రవరి 28న. మీ బావమరిదిగారు నవంబరు, డిసెంబరు, జనవరి అని వేలి మీద మూడు కణుపులు లెక్కపెట్టి ఉంటారు. అవి మూడు నెలల పేర్లే గానీ మూడు నెలల కాలం కాదు. నవంబరులో ఆ నోటుకు దక్కింది చివరి రోజు ఒక్కటే. బొటనవేలు మొదటి కణుపు మీద పెట్టినప్పుడు పలకాల్సింది రాసిన నెల పేరు కాదు, పై నెల పేరు: డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. కాగితం మీదైతే 11కి 3 కలపండి, 14 వస్తుంది. పన్నెండు దాటింది కనుక 12 తీసేసి సంవత్సరానికి ఒకటి కలపండి. 2026లో రెండో నెల. తేదీ అంకె అలాగే ఉంచాలి. ఆ నెలలో ఆ అంకె లేకపోతేనే నెలాఖరుకు దిగాలి.

ప్రామిసరీ నోట్లకు, చెక్కులకు వర్తించే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 23వ సెక్షన్ చెప్పేదీ ఇదే. ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: 1878 ఆగస్టు 31న రాసిన మూడు నెలల నోటుకు డిసెంబరు 3న గడువు తీరుతుంది. నవంబరుకు 31 లేదు కాబట్టి 30కి దిగి, ఆపైన మూడు రోజుల వెసులుబాటు కలిపారు. ఆ వెసులుబాటు 22వ సెక్షన్‌ది. అదే మీ నోటుకు వర్తింపజేస్తే మార్చి 3 వస్తుంది. కాబట్టి తీసుకున్నాయన మాటను కొట్టిపారెయ్యడానికి లేదు, ‘మొదటి వారం’ అని సాగదీయడమే కుదరదు. మన వైపు నోట్లలో ఎక్కువగా కనబడే ‘తమరు కోరినప్పుడు’ అనే నోటుకు ఈ మూడు రోజులు లేవు. ఇంకొకటి: గడువు రోజు సెలవైతే మర్నాటికి జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నోటు విషయంలో అది ముందరి పనిదినానికి జరుగుతుంది (25వ సెక్షన్).

ఇక మాట సంగతి. బడిలో వల్లించిన పట్టికలో కి, కు, యొక్క, లో, లోపల అన్నీ షష్ఠీ విభక్తి కిందే ఉంటాయి. ఒకే వరుసలో కూర్చున్నా కాలం దగ్గర వాటి పనులు వేరు. ‘మూడు నెలలకు’ అంటే మూడూ నిండిన చోట, ఒక బిందువు. ‘మూడు నెలల్లో’ అంటే మొదలు నుంచి ఆ బిందువు దాకా ఏ రోజైనా. చివరి రోజు రెండిటికీ ఒకటే. ‘లో’ రాస్తే తీసుకున్నాయన ముందే తెచ్చి ఇచ్చినా కాదనడానికి ఉండదు. ‘కు’ రాస్తే, అన్నాళ్ల వడ్డీ నాకు రావాలి కదా అని ఇచ్చినాయన పేచీ పెట్టడానికి చోటుంటుంది. ‘లోపు’, ‘లోగా’ అన్నవి ‘లో’ కంటే గట్టివి, పై హద్దును ఎత్తి చూపుతాయి. వీటన్నిటిలోకీ అప్పిచ్చినవాడికి ప్రమాదమైనది ‘మూడు నెలల తర్వాత’. ఫలానా రోజుకు ముందు అడగొద్దని చెబుతుందే తప్ప, ఎప్పటికి ఇస్తాడో చెప్పదు.

‘మూడో నెలలో’ అన్నది మరీ జారుడు మాట. ‘ఆయన దుబాయి వెళ్లి మూడో నెల’ అంటే రెండు నిండి మూడోది నడుస్తోందని అర్థం. మీ నోటులో ఈ మాటే ఉండి ఉంటే నెలల పేర్లతో లెక్కపెట్టేవారు జనవరి అంటారు, రాసిన తేదీ నుంచి లెక్కపెట్టేవారు జనవరి 31 మొదలు ఫిబ్రవరి 28 దాకా అంటారు. కబుర్లకైతే సరే, కాగితానికి పనికిరాదు. ఈ గందరగోళాన్ని మన ఇళ్లలో ఆడవాళ్లు ఏనాడో రెండు క్రియలతో తీర్చేశారు. ‘ఏడో నెల పడింది’ అంటే ఆరు నిండాయి. ‘ఏడు నిండాయి’ అంటే ఎనిమిదోది పడింది. అంకె ఒక్కటే, మధ్యలో నెల తేడా. సీమంతానికి రోజు అడిగేటప్పుడు ‘ఏడో నెల’ అని ఊరుకోకుండా పడిందా నిండిందా చెప్పాలి. డాక్టర్లు ఆఖరి బహిష్టు మొదటి రోజుకు 280 రోజులు కలుపుతారు. తొమ్మిది నెలలూ ఏడు రోజులూ కలిపినా దాదాపు అక్కడికే వస్తుంది. జూన్ 10 అయితే మార్చి 17.

నెలనెలా వాయిదా కట్టేవాళ్లు చేసే పొరపాటు వేరు. జనవరి 31న మొదలైన వాయిదా ఫిబ్రవరిలో 28కి దిగుతుంది. ఆ 28 నుంచి మళ్లీ నెల లెక్కపెడితే మార్చి 28 వస్తుంది, అక్కడ మూడు రోజులు పోయినట్టే. ప్రతిసారీ మొదటి తేదీ నుంచే లెక్కించాలి: జనవరి 31కి రెండు నెలలు, మార్చి 31.

నెలల్ని ముప్పయ్యేసి రోజులు చేయడం కూడా కూడదు. మీ నోటుకు 90 రోజులు లెక్కపెట్టినా ఫిబ్రవరి 28వే వస్తుంది గానీ అది కాకతాళీయం. మే 31కి మూడు నెలలంటే ఆగస్టు 31, 90 రోజులంటే ఆగస్టు 29. అందుకే వరి రకాల కాలాన్ని నెలల్లో కాక రోజుల్లో చెబుతారు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన 1010 రకం దాదాపు 120 రోజులది. దాళ్వాకు (రెండో పంటకు) డిసెంబరు 1న విత్తనం చల్లితే 120 రోజులకు మార్చి 31. అదే జులై 1న చల్లి ‘నాలుగు నెలల పంట’ అనుకుంటే నవంబరు 1 అంటారు, రోజుల లెక్కలో అది అక్టోబరు 29. దీనికి మించిన పొరపాటు ఊడ్పుల నాటి నుంచి లెక్కపెట్టడం. ఆ 120 రోజులు ఆకుమడిలో విత్తనం పడిన నాటి నుంచి. ఆకుమడిలో గడిచిన రోజుల్ని వదిలేస్తే, కాలువ కట్టేసే తేదీకి చేను ఏ దశలో ఉంటుందో అంచనా తప్పుతుంది.

అద్దె కాగితాల్లో ‘నుంచి’కీ ‘లగాయతు’కీ తేడా చూసుకోండి. లగాయతు అంటే మొదలుకొని. ఆ రోజూ లెక్కలోకి వస్తుంది. ‘జూన్ 1 నుంచి ఏడాది’ అని మాత్రమే రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 110వ సెక్షన్ మొదటి రోజును వదిలేసి మరుసటి ఏడు జూన్ 1 ఆసాంతం అద్దె కాలంలోనే ఉంచుతుంది. ‘జూన్ 1 లగాయతు మే 31 ఆఖరు’ అంటే ఆ పేచీ లేదు.

తిథుల లెక్కన నెలలు కలిపేవారికి ఈ ఏడు ఒక చిక్కుంది. పరాభవ నామ సంవత్సరంలో అధిక జ్యేష్ఠం వచ్చింది (2026 మే 17 నుంచి జూన్ 15 దాకా). వైశాఖ శుద్ధ తదియకు మూడు నెలలంటే అలవాటుగా శ్రావణ శుద్ధ తదియ అంటాం. అధికం, నిజం రెండు జ్యేష్ఠాలూ లెక్కకొస్తాయి కాబట్టి ఈసారి అది ఆషాఢంలో పడుతుంది. ‘మూడు నెలలకు లగ్నం పెట్టుకుందాం’ అని వైశాఖంలో మాట ఇచ్చుకున్నవారు ‘శ్రావణంలో’ అని నెల పేరే చెప్పుకోవడం మేలు.

మీ నోటును తిరగరాసుకునే పని పడితే ఇలా రాయించండి: ‘ఈ సొమ్ము తేది 28-02-2026 నాటికి గాని, అంతకు ముందు గాని చెల్లించగలవాడను.’