పొద్దున్నే మొండికేసే ఏటీవీ

ప్రశ్న: అన్నా, మాది పలమనేరు దగ్గర మామిడి తోట. శని, ఆదివారాల్లో వచ్చే అతిథుల కోసం పాత ఏటీవీ (మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) ఒకటి పెట్టుకున్నాం. 250 సీసీ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది) బండి, గేర్లు లేవు, బెల్టుతో నడుస్తుంది. చలి మొదలైందంటే పొద్దున పూట స్టార్ట్ కాదు. చోక్ లాగి, రేస్ ఇస్తూ సెల్ఫ్ కొట్టగా కొట్టగా ఎప్పటికో అందుకుంటుంది. ఒకసారి వేడెక్కిందా, ఇక సాయంత్రం దాకా బటన్ ముట్టుకుంటే చాలు. బ్యాటరీ, ప్లగ్ కొత్తవి వేశాం. ఫలితం లేదు. కార్బురేటరే మార్చేయమంటున్నారు. మార్చాలా? తోసి స్టార్ట్ చేయొచ్చా?
- ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: కార్బురేటర్ జోలికి ఇప్పుడే పోవద్దు చెల్లెమ్మా. తిరుపతిలో మా షెడ్డుకు మీ వైపు నుంచి ఇదే కంప్లైంటుతో బళ్లు వస్తుంటాయి. మొగిలి ఘాట్ ఎక్కితే చలి వేరు. కింద చిత్తూరులో మామూలుగా స్టార్టయ్యే బండే పైన మొరాయిస్తుంది. మండేది పెట్రోలు ఆవిరే కదా, చలిలో ఆ ఆవిరి సరిగా పుట్టదు. అందుకే ఆ కాసేపు పెట్రోలు ఎక్కువ పంపడానికి చోక్ పెట్టారు.

మీ ఉత్తరంలో నాకు మొదట తగిలిన మాట ‘రేస్ ఇస్తూ’. ఇలాంటి బళ్లలో చాలావాటికి చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు, పెట్రోలుకు విడిగా ఉన్న ఒక సన్నదారి. రేస్ పూర్తిగా వదిలేసినప్పుడే ఇంజన్ ఆ దారిలోంచి గట్టిగా పీలుస్తుంది. బొటనవేలితో లివర్ నొక్కారా, ఆ పీల్పు పడిపోతుంది, చోక్ ఉండీ లేనట్టే. రేపు పొద్దున చోక్ పూర్తిగా లాగి, వేలు తీసేసి, ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. కాస్త ఆగి మళ్లీ కొట్టండి. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

అప్పటికీ అందుకోకపోతే వెంటనే ప్లగ్ విప్పించి చూడండి. అది పొడిగా ఉందా, తడిగా ఉందా? మిగతా పనంతా దీన్నిబట్టే.

పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. చోక్ కేబుల్ చివర చిన్న ఇత్తడి ప్లంజర్ ఉంటుంది, ఆ సన్నదారిని తెరిచే కడ్డీ అదే. ఒకరు నాబ్ లాగుతుంటే అది నిజంగా పైకి లేస్తోందో లేదో మరొకరు చూడాలి. కేబుల్ తుప్పుపట్టి, నాబ్ కదిలినా ప్లంజర్ కదలని బళ్లున్నాయి. తర్వాత పైలట్ జెట్, అంటే కార్బురేటర్లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమున్న చిన్న ముక్క. దాన్ని విప్పి వెలుతురుకేసి పట్టుకుంటే మధ్యలో గుండ్రంగా వెలుగు చుక్క కనబడాలి. వంకరగా కనిపించినా, కనిపించకపోయినా క్లీనర్ స్ప్రే, గాలి కొట్టించండి. సూది మాత్రం దూర్చనివ్వొద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పనికిరాదు. వారంలో ఐదు రోజులు బండి ఊరకే నిలబడుతోంది కాబట్టి జెట్ మూసుకుపోవడం మామూలే. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు గాలిలో తేమను కూడా లాగుతుంది. ఆదివారం సాయంత్రం పెట్రోలు కాక్ (ట్యాంకు నుంచి పెట్రోలు వదిలే కుళాయి) మూసి, కార్బురేటర్లోది అయిపోయి ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి పెట్టండి.

ప్లగ్ తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మండడం లేదు. ముందు ప్లగ్‌ను బాడీకి ఆనించి స్పార్క్ చూడాలి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకుని. స్పార్క్ బాగుంటే నా అనుమానమంతా ట్యాపెట్ల మీదే, అంటే ఇంజన్‌లో గాలిని, పొగను వదిలే వాల్వులను నొక్కి తెరిచే భాగాల మీద. చాలామంది మెకానిక్కులు చివరికి గానీ చూడరు. నాకది నచ్చదు, ఎందుకంటే కొత్త సామాను కొనకుండానే తేలిపోయే పని. వాడగా వాడగా వాల్వు తన సీటులోకి అరుగుతూ దిగుతుంది, ట్యాపెట్ సందు తగ్గిపోతుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కారిపోతుంది. పొయ్యి బాగా రాజుకున్నాక పచ్చికట్టె కూడా మండినట్టు, వేడి ఇంజన్ ఆ కొద్ది కంప్రెషన్‌తోనే అందుకుంటుంది. చల్లటి ఇంజన్ అందుకోలేదు. మీ బండి లక్షణాలకు ఇది బాగా సరిపోతోంది. సందు కొలవాల్సింది ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే సన్న రేకులు). ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్లో ఉంటుంది, అదే పెట్టించండి. వేడి బండి తీసుకెళ్లి అప్పటికప్పుడు చూడమంటే లెక్క తప్పుతుంది.

బ్యాటరీ కొత్తదైనా ఒకసారి మీటరు పెట్టించండి. రాత్రంతా ఊరకే ఉన్నాక 12.6 వోల్టులుండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే కిందికి పడుతుంటే ముందు బ్యాటరీనే అనుమానించండి. అంతగా పడకపోయినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు దగ్గర తుప్పు గీకించండి.

ఇక తోయడం. మీది బెల్టు బండి. ఇంజన్ తిరిగితేనే పుల్లీ బెల్టును పట్టుకుంటుంది, కాబట్టి ఎంత తోసినా చక్రాలు తిరుగుతాయే తప్ప ఇంజన్ తిరగదు. బండికి తాడు స్టార్టర్ ఉంటే దాన్ని వాడండి. గాలి ఫిల్టర్లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. కొంచెం ఎక్కువైనా ఇంజన్ ఎదురుతన్ని, లోపల పిస్టన్ దెబ్బతినొచ్చు.