ఏఏ మీటింగ్ ఎలా దొరుకుతుంది? వెళ్తే పరువు పోతుందా?

మీరు అడిగినవి మూడు. రోజూ తాగే మీకు దగ్గర్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ), అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే మీటింగ్ ఎలా దొరుకుతుంది, చర్చిలో జరుగుతుంది కాబట్టి మతంలోకి లాగుతారా, తెలిసినవాళ్లు చూస్తే పరువేం కాను? మూడోదానికే ముందు జవాబు చెప్తాను. నన్ను రెండేళ్లు గుమ్మం ఎక్కనివ్వనిది అదే.

నన్ను బార్ దగ్గర్నుంచి ఆటోవాళ్లు మోసుకొచ్చి ఇంటి ముందు దింపిన రోజులున్నాయి. వాచ్‌మన్‌కి తెలుసు, పాలబ్బాయికి తెలుసు, ఎదురింటి పిల్లలకీ తెలుసు. ఎవరికీ తెలియదనుకున్నది నేనొక్కణ్ణే. అయినా మొదటిసారి సికింద్రాబాద్‌లో మీటింగ్‌కి వెళ్లినప్పుడు గేటు ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ధైర్యం కోసం ఒక క్వార్టర్ వేసి మరీ లోపలికి వెళ్లాను. చూస్తే మా వీధి చివర మెడికల్ షాపాయన కూర్చుని ఉన్నాడు! నాకు గుండె ఆగినంత పనైంది. ఆయన లేచి వచ్చి టీ గ్లాసు చేతిలో పెట్టి, పక్క కుర్చీ చూపించాడు. తాగి వచ్చానని అందరికీ వాసనే చెప్పి ఉంటుంది. ఎవరూ పొమ్మనలేదు, ఈ రోజు మాట్లాడకుండా వినమన్నారు, అంతే. ఆ తర్వాత ఆయన షాపుకి ఎన్నిసార్లు వెళ్లానో. కౌంటర్ దగ్గర ఆయన నాతో మాట్లాడేది డాక్టర్ రాసిన మందుల గురించే.

దొరకడం సంగతి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా వివరాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఫోన్ ఎత్తేది జీతగాడు కాదు, తాగి మానేసిన మనిషే. కాబట్టి నసగకుండా ఉన్నది చెప్పేయండి. చోటు, టైమ్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మానసిక వైద్యుల దగ్గర, డీఅడిక్షన్ వార్డుల్లో అడిగినా చెప్తారు. మీ ఊళ్లో లేకపోతే జూమ్‌లో జరిగేవి ఉన్నాయి. ఏ భాషలో జరుగుతుందో కూడా అడగండి. నేను మొదట వెళ్లింది ఇంగ్లీషు మీటింగ్‌కి. అర్థం కాక కాదు, కడుపులో ఉన్నది ఆ భాషలో బయటికి రాలేదు. నాలుగు వారాలు గోడ గడియారం చూస్తూ కూర్చుని, ఇది మనకి పనికిరాదని తేల్చుకునేవాణ్ణే. మెడికల్ షాపాయన తెలుగు గ్రూపుకి తీసుకెళ్లాడు కాబట్టి సరిపోయింది.

మతం భయం వద్దు. చర్చివాళ్లు, స్కూలువాళ్లు తక్కువ అద్దెకి గది ఇస్తారు, అంతవరకే. తాగుడు మానడానికి ఏఏ చెప్పే 12 మెట్లలో దేవుడి మాట వస్తుంది, నిజమే. కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకే. మా గ్రూపులో నమాజు చేసే ఆయనా ఉన్నాడు, దేవుడే లేడనే ఆయనా ఉన్నాడు. సభ్యత్వానికి కావలసింది ఒకటే, తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు. చివర్లో సంచీ తిప్పుతారు, అద్దెకీ టీకీ. కొత్తవాళ్లు వెయ్యకపోయినా ఏమనరు.

అక్కడ క్లాసు పీకరని ముందే చెప్తున్నా. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇది మొదలైందే ఇద్దరు తాగుబోతుల వల్ల, ఒకాయన షేర్ మార్కెట్ మనిషి, ఇంకొకాయన సర్జన్. తనలాంటి వాడితో మాట్లాడితే తన దాహం ఆగుతోందని మొదటాయన కనిపెట్టాడు. ఇప్పటికీ జరిగేది అదే. ఒక్కొక్కరూ తమ కథ చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహా ఇవ్వరు. పేరు చెప్పాలనీ లేదు.

నాకు బాగా పనిచేసింది ఒక్క మాట. అంతకుముందు ఏటా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. "చూశావా, నేను తాగుబోతునైతే ఇన్ని రోజులు ఉండగలనా" అని మా ఆవిడ మీదకి లేచేవాణ్ణి. మాల తీసిన రాత్రికే 41 రోజుల బాకీ తీర్చేవాణ్ణి. ఇక పాప తల మీద వేసిన ఒట్లకి లెక్కలేదు. మీటింగ్‌లో ఎవరూ ఒట్టు వేయించుకోలేదు. "ఇవాళ్టికి తాగకు, రేపటి సంగతి రేపు చూద్దాం" అన్నారు. జీవితాంతం అంటే నాకు టెన్షన్ పుట్టి అదే రోజు తాగేవాణ్ణి. ఇవాళ్టికి మాత్రమే అంటే సాయంత్రం దాకా పళ్లు బిగపట్టుకోవచ్చు. మధ్యలో ఒకసారి జారాను కూడా. మళ్లీ వెళ్లి అదే కుర్చీలో కూర్చున్నాను.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోకండి. పొద్దున్నే చేతులు వణికేంతగా తాగుతుంటే ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయకండి. నేను అలాగే మానేస్తే మూడో రోజు రాత్రి గోడంతా చీమలు పాకుతున్నట్టు కనిపించాయి, మావాళ్లు అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టర్‌ని కలవండి. మాన్పించే బిళ్లలంటూ మీకు తెలియకుండా అన్నంలో కలపొద్దని ఇంట్లోవాళ్లకీ చెప్పండి, అది తెలియక మందు తాగితే ప్రమాదం. వాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉంటాయి. మా ఆవిడ వెళ్లడం మొదలుపెట్టాక నా జేబులు వెతకడం మానేసింది.

మొదటిసారి వెళ్లే రోజు పావుగంట ముందే వెళ్లండి. ఎవరో ఒకరు కుర్చీలు సర్దుతూ ఉంటారు. ఆయనతో పాటు నాలుగు కుర్చీలు వేస్తే, ఏం మాట్లాడాలా అన్న ఇబ్బంది ఉండదు.